గండి, కనుమ, కోన: పశ్చిమ నెల్లూరు చరిత్రలో కొండచీలికల పాత్ర

ప్రవేశిక

నెల్లూరు మండల చరిత్ర రచనలో పెన్నా డెల్టాకు లభించిన ప్రాధాన్యం జిల్లా పడమటి కొండలకు లభించలేదు. వరిమళ్లు, ఆనకట్టలు, కోస్తా వర్తకం, నెల్లూరు పట్టణ వికాసం విస్తృతంగా చర్చకు వచ్చాయి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు మాత్రం ఒక ముట్టడి సందర్భంలోనో, ఒక జలాశయం సందర్భంలోనో ప్రస్తావనకు వచ్చి, ఆ వెంటనే మరుగున పడిపోతాయి. ఈ రెండు సందర్భాలూ వేర్వేరు ఘట్టాలు కావనీ, రెండింటికీ మూలం ఒకే భూస్వరూపమనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉత్తర దక్షిణాలుగా గోడవలె నిలిచిన వెలిగొండ శ్రేణి, ఆ గోడను నీరు కోసిన చోట్లు, మనుషులు దాటిన చోట్లు, నీటిని ఆశ్రయించి నిలిచిన చోట్లు ఈ ప్రాంత చరిత్రకు ఆధారరేఖలు.

ఈ మూడు రకాల చోట్లకూ తెలుగులో మూడు వేర్వేరు మాటలు ఉన్నాయి. నీరు కొండను ఛేదించిన చోటు గండి. మనిషీ పశువూ కొండను దాటే చోటు కనుమ. కొండల నడుమ నీడా నీరూ దొరికి నిలువదగిన చోటు కోన. ఆంగ్ల భూగోళ గ్రంథాల ప్రభావంతో ఈ మూడింటినీ ‘లోయ’ అనే ఒక్క మాటలో కలిపివేయడం నేడు అలవాటయింది. గండికోటను ‘భారతదేశపు గ్రాండ్ కాన్యన్’ అని పిలవడం అదే అలవాటుకు కొనసాగింపు. ఈ మాటల నడుమ భేదాన్ని తిరిగి గుర్తిస్తే పడమటి నెల్లూరు చరిత్రలో ఇంతవరకు విడివిడిగా కనిపించిన సంఘటనలు ఒక వరుసలోకి వస్తాయి.

‘గండి’ అనే మాటలోని భావన

‘గండి’ అన్న మాటకు వ్యవహారంలో రెండు ప్రయోగాలు ప్రసిద్ధాలు. చెరువుకట్ట తెగితే ‘గండి పడింది’ అంటారు. నది కొండను కోసుకొని వెళ్లిన ఇరుకు మార్గాన్నీ గండి అనే అంటారు. వేంపల్లె సమీపాన పాపాఘ్ని కొండలను చీల్చుకొని వచ్చే చోటు పేరు గండి. జమ్మలమడుగు సమీపాన పెన్న ఎర్రమలలను కోసిన చోట వెలసిన దుర్గం గండికోట. ఈ రెండు ప్రయోగాలను కలిపి చూస్తే తెలుగు రైతు దృష్టిలో కొండ ఒక సహజమైన కట్ట. నది దానికి పడిన గండి. కట్టకు గండి పడితే పూడ్చడం రైతు ధర్మం. కొండకు పడిన గండిని పూడిస్తే అది చెరువవుతుంది; ఇంకా పెద్దదైతే జలాశయమవుతుంది. ఈ ప్రాంతంలో 14వ శతాబ్దం నుంచి నేటి వరకు జరిగిన జలనిర్మాణాలన్నింటికీ మూలసూత్రం ఈ ఒక్క మాటలోనే ఇమిడి ఉంది.

కనుమ ఇందుకు భిన్నం. అది నీటి దారి కాదు, నడక దారి. నది కోసిన గండిలో వరద కాలంలో మనిషికి దారి ఉండదు; కొండ వెన్ను తగ్గిన చోట ఎక్కి దిగడమే సులభం. అందువల్ల వర్తకులు, సైన్యాలు, పశువుల మందలు కనుమలను ఆశ్రయించాయి. కోన ఈ రెండింటికీ భిన్నం. పెంచలకోన, భైరవకోన, తలకోన అనే పేర్లు సూచిస్తున్నట్లు కోన దాటిపోయే చోటు కాదు, చేరుకొనే చోటు. గండిని పాలకుడు, కనుమను సైనికుడు, కోనను భక్తుడు వెతుక్కున్నారని స్థూలంగా చెప్పవచ్చు. అయితే ఈ మూడింటినీ అందరికంటె ముందు ఎరిగినవారు ఆ కొండలలో తేనె, దుంపలు, మూలికలు సేకరించి జీవించిన యానాదులు, చెంచులు మొదలైన జనసమూహాలు. రాజుల శాసనాలలో వారి దారులు నమోదు కాలేదు. ఆ దారుల మీదనే రాజుల దండయాత్రలు నడిచాయి.

శిలల స్వభావం, నది మార్గం

ఈ ప్రాంతపు భూనిర్మాణాన్ని శాస్త్రీయంగా తొలిసారి విస్తృతంగా పరిశీలించినవాడు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్. కడప, కర్నూలు శిలాశ్రేణులపై అతని గ్రంథం 1872లోను, నెల్లూరు ప్రాంతపు శిలలపై మరొక గ్రంథం 1880లోను వెలువడ్డాయి. అదే కాలంలో అమెరికాలో జాన్ వెస్లీ పావెల్ 1869లో కొలరాడో నదిపై పడవలలో ప్రయాణించి, 1875లో తన నివేదికను ప్రకటించాడు. కొండ పుట్టుకకు ముందే ఉన్న నది, కొండ మెల్లగా పైకి లేస్తుండగా తన దారి విడువక దానిని కోస్తూ పోగలదన్న సిద్ధాంతానికి పావెల్ రచన ప్రసిద్ధి తెచ్చింది. భూమికి రెండు అంచుల ఉన్న రెండు నదుల విషయంలో ఒకే తరం పరిశోధకులు ఒకే రకమైన ప్రశ్న ఎదుర్కొన్నారు: ఎత్తయిన కొండ ఎదురైనప్పుడు నది చుట్టూ తిరిగి పోక, అడ్డంగా ఎందుకు కోసింది?

పెన్న మార్గంలో ఈ ప్రశ్న పలుమార్లు ఎదురవుతుంది. కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి, దాదాపు 597 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలిసే ఈ నది గండికోట వద్ద ఎర్రమలలను, సోమశిల వద్ద వెలిగొండలను కోస్తుంది. జయమంగళి, కుందేరు, సగిలేరు ఎడమవైపు నుంచి, చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు కుడివైపు నుంచి వచ్చి కలుస్తాయి. అంటే కడప మండలపు నీరంతా దాదాపుగా ఒక్క ద్వారం గుండా, వెలిగొండకు పడిన ఒక్క గండి గుండా, నెల్లూరు మైదానానికి చేరుతుంది. సోమశిలకు చరిత్రలో ఉన్న ప్రాముఖ్యమంతా ఈ ఒక్క వాస్తవం నుంచి పుట్టింది.

అగ్నిపర్వతాల పాత్ర ఈ భూమిపై స్పష్టంగానే ఉంది. అయితే అది నేటి కంటికి నేరుగా కనిపించేది కాదు. పాపాఘ్ని, చిత్రావతి పరీవాహక ప్రాంతాలలో వేంపల్లె శిలాశ్రేణి పైభాగాన బసాల్ట్ లావా పొరలు ఉన్నాయి. పులివెందుల ప్రాంతంలో శిలాపొరల మధ్య చొచ్చుకొని గట్టిపడిన మాగ్మా వయస్సు దాదాపు 190 కోట్ల సంవత్సరాలుగా నిర్ణయమయింది. వెలిగొండకు తూర్పున నెల్లూరు షిస్ట్ మేఖలలో దిగువ భాగాన్ని వింజమూరు వర్గంగాను, ఎగువ భాగాన్ని ఉదయగిరి వర్గంగాను భూగర్భ శాస్త్రజ్ఞులు వ్యవహరిస్తారు. వింజమూరు వర్గంలో ప్రధానమైనవి ఒకప్పటి అగ్నిపర్వత శిలలే. అపారమైన ఒత్తిడికి, వేడికి లోనై రూపం మార్చుకొన్నవి. ఉదయగిరి వర్గంలో ప్రధానమైనవి అవక్షేపాల నుంచి రూపాంతరం చెందిన శిలలు. రెండు తెలుగు గ్రామనామాలు ఈ విధంగా శాస్త్ర పరిభాషలో శాశ్వత స్థానం పొందాయి.

ఆదిలాబాదు ప్రాంతంలో కడెం నది కుంటాల వద్ద దూకే బండలు దక్కను ట్రాప్‌కు చెందినవి. అక్కడ నది నేరుగా లావాను కోస్తుంది. పశ్చిమ నెల్లూరులో పరిస్థితి వేరు. ఇక్కడ నిటారుగా నిలిచిన కొండగోడ క్వార్ట్‌జైట్. అది సులభంగా అరగదు. దానికి తూర్పున ఉన్న షిస్ట్, పాత అగ్నిపర్వత శిలలు త్వరగా అరిగి చదునైన మెట్టభూములయ్యాయి. గట్టిరాతిలో నది ఇరుకుగా, లోతుగా సాగి, మెత్తని రాతిలోకి రాగానే వెడల్పయింది. సోమశిల వద్ద గండి ముగిసి మైదానం ఆరంభం కావడానికి కారణం ఈ శిలాభేదమే. కోటకు అనువైన నిట్రమైన కొండ, ఆనకట్టకు అనువైన ఇరుకు ద్వారం, వానకు ఎదురుచూసే మెట్టచేను, మూడూ ఈ శిలాభేదపు ఫలితాలే.

పోరుమామిళ్ల శాసనం: కొండల నడుమ కట్ట

ఉదయగిరి విజయనగర రాజ్యపు తొలిదశలోనే ఒక రాజ్యవిభాగానికి కేంద్రమయింది. మొదటి సంగముని కుమారుడైన కంపరాయలు, అతని కుమారుడు రెండవ సంగముడు ఇక్కడినుంచి పాలించారు. రెండవ సంగముని కాలపు బిట్రగుంట దానశాసనం 1356 నాటిది. తరువాత బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, నామాంతరం భవదూరుడు, ఉదయగిరి నుంచి పాలించాడు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం అతనిదే.

పోరుమామిళ్ల చెరువు వెలిగొండకు పడమట, సగిలేటి పరీవాహక ప్రాంతంలో ఉంది. ఉదయగిరి వెలిగొండకు తూర్పున ఉంది. పాలకుడు ఒకవైపు, అతను కట్టించిన చెరువు మరొకవైపు. ఉదయగిరి రాజ్యం కొండను సరిహద్దుగా కాక నడుమ వెన్నెముకగా చేసుకొని ఇరుప్రక్కలా విస్తరించిందని ఈ ఒక్క ఉదాహరణ చాటుతుంది. అటువంటి పాలన కనుమల మీద అధికారం లేనిదే సాధ్యం కాదు.

ఈ శాసనం చెరువుల నిర్మాణశాస్త్ర చరిత్రలో విశిష్టమైనది. అనంతరాజసాగరమన్న పేరు గల ఈ చెరువు నిర్మాణానికి రెండు సంవత్సరాల పాటు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు అది చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొంటుంది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం ఎరిగిన బ్రాహ్మణుడు, గట్టి మట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తీపినీటి నది, చెరువును ఆనుకొన్న కొండభాగాలు, ఆ కొండల నడుమ మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, సమీపాన రాతిగని, పరిసరాన సారవంతమైన పొలం, నేర్పరులైన పనివారు మొదలైనవి ఆ అంగాలు.

వీటిలో నది, కొండభాగాలు, వాటి నడుమ పొట్టి కట్ట అన్న మూడింటిని ఒకచోట చేర్చి చూడాలి. అవి గండికి శాస్త్రీయ నిర్వచనం. రెండు కొండల నడుమ నీరు వెలుపలికి వచ్చే ఇరుకు చోటును ఎన్నుకొంటే కట్ట పొడవు తగ్గుతుంది, పని తగ్గుతుంది, నిలిచే నీరు పెరుగుతుంది. కట్ట మరీ పొడవు కారాదన్న నియమంలోని అంతరార్థం ఇదే. 14వ శతాబ్దపు ఉదయగిరి పాలనకు ఈ భూస్వరూపం గురించిన అవగాహన అనుభవజ్ఞానంగా మాత్రమే కాక, శాసనానికి ఎక్కదగిన శాస్త్రంగా ఉండేదని దీనివల్ల తేటపడుతుంది.

ఉదయగిరి ముట్టడి: కొండను దారిగా మార్చిన యుద్ధం

15వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఉదయగిరి గజపతుల వశమయింది. వారి పక్షాన దుర్గాన్ని పాలించిన బసవరాజు తమ్మరాజుకు దూబగుంట నారాయణకవి తన పంచతంత్రాన్ని అంకితమిచ్చాడు. సరిహద్దు దుర్గమైనప్పటికీ ఉదయగిరి సైనిక స్థావరంగా మాత్రమే కాక సాహిత్య పోషణ కేంద్రంగా కూడా వెలిగిందనడానికి ఇది నిదర్శనం.

దుర్గం బలం దాని స్థానంలో ఉంది. కొండ ఎత్తు 3,079 అడుగులు. మొత్తం పదమూడు కోటలలో ఎనిమిది కొండమీద, ఐదు కొండ క్రింద ఉండేవి. పలుచోట్ల నిట్రపు గోడల ఎత్తు వేయి అడుగులకు దగ్గరగా ఉంటుంది. పైకి పోయే ప్రతి దారినీ రక్షణపంక్తులు కాచేవి. ఇటువంటి కోటను ఎదిరించడమంటే గోడలను కాదు, కొండనే ఎదిరించడం.

శ్రీకృష్ణదేవరాయల ఉదయగిరి ముట్టడి దాదాపు ఏడాదిన్నర సాగి, 1514 జూన్‌లో దుర్గ పతనంతో ముగిసింది. ప్రతాపరుద్ర గజపతి బంధువైన తిరుమల రౌతురాయడు పట్టుబడ్డాడు. 1514 జులై 6 నాటికి రాయలు తిరుమలలో శ్రీనివాసునికి కానుకలు సమర్పించాడు. ఉదయగిరి నుంచి తెచ్చిన బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరంలో కొత్తగా కట్టించిన ఆలయంలో 1515లో ప్రతిష్ఠించాడు. తరువాత రాయసం కొండమరుసయ్య ఉదయగిరి పాలకుడుగా నియుక్తుడయ్యాడు.

ముట్టడి కాలంలో కొండమీద ఏమి జరిగిందో తెలిపే ప్రధాన ఆధారం పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ రచన. రాబర్ట్ సూయెల్ 1900లో ప్రకటించిన గ్రంథం ద్వారా అది ఆంగ్లంలో అందుబాటులోకి వచ్చింది. నూనిజ్ ఉదయగిరిని ‘దిగరి’ అన్నాడు. రాయల సైన్యంలో 34,000 మంది పదాతులు, 800 ఏనుగులు ఉన్నాయనీ, కోటలో 10,000 మంది పదాతులు, 400 గుర్రాలు మాత్రమే ఉన్నాయనీ, ఆకలికి లోబరచడం తప్ప ఆ కోటను పట్టే మార్గం లేదనీ రాశాడు. ముట్టడి కాలంలో రాయలు పలు కొండలను ఛేదించి, పెద్ద బండలను పగులగొట్టించి, బురుజుల దగ్గరకు సైన్యం చేరేందుకు దారులు వేయించాడనీ, అంతకుముందు అక్కడికి ఒక్కొక్క మనిషి మాత్రమే నడవగల ఇరుకు దారి ఒకటే ఉండగా, దానిని వెడల్పు చేయించి, ఇంకా పలు దారులు ఏర్పరచాడనీ వివరించాడు.

ఈ సాక్ష్యాన్ని తూచి చూడవలసి ఉంది. నూనిజ్ ముట్టడి జరిగిన సుమారు రెండు దశాబ్దాల తరువాత విజయనగరంలో ఉన్నవాడు, ప్రత్యక్షసాక్షి కాదు. సైన్యపు సంఖ్యలు ఆస్థానంలో వినవచ్చిన మాటలై ఉండవచ్చు. కానీ దారుల విషయం సంఖ్యల వంటిది కాదు. విజేతను పొగడదలచినవాడు సాధారణంగా ఒక్క వీరోచిత దాడిని వర్ణిస్తాడు. ఏడాదిన్నర బండలు కొట్టించిన కథ చెప్పడు. యుద్ధాన్ని రాతిపనిగా చిత్రించిన ఈ కథనం భూస్వరూపంతో సరిగ్గా పొసగుతుంది. అందువల్ల సంఖ్యలను సందేహించినా దారుల నిర్మాణాన్ని స్వీకరించడానికి తగిన హేతువు ఉంది.

పోరుమామిళ్లకూ ఉదయగిరికీ నడుమ ఒక విలోమ సంబంధం కనిపిస్తుంది. 1369లో కొండల నడుమ ఖాళీని మూయడం రాజ్యశక్తికి గుర్తు. 1514లో మూసి ఉన్న కొండలో ఖాళీని తెరవడం రాజ్యశక్తికి గుర్తు. మొదటిదానికి వేయిమంది రెండేళ్లు పనిచేశారు. రెండవదానికి ఎందరు పనిచేశారో ఏ శాసనమూ చెప్పదు. బండలు కొట్టిన చేతులకు గుర్తింపు దొరకలేదు. దారి వేయించిన రాజుకు దక్కింది. కొండలలో, అడవులలో నివసించే జనంతో రాజు ఎలా మెలగాలో ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం ప్రత్యేకంగా ప్రస్తావించడం ఈ సందర్భంలో గమనార్హం. అటువంటి జనం సహకారం లేనిదే కొండప్రాంతపు పాలన సాగదని ఆ కావ్యకర్తకు ఉదయగిరి వంటి యుద్ధాల అనుభవం తెలిపి ఉండాలి.

కోనల వేరు చరిత్ర

దుర్గాల చరిత్ర ఆక్రమణల చరిత్ర కాగా, కోనల చరిత్ర నిరంతరతకు సంబంధించినది. ఉదయగిరికి ఉత్తరాన, సి.ఎస్.పురం మండలంలోని భైరవకోనలో కొండరాతిని తొలిచిన ఎనిమిది శివాలయాలు ఉన్నాయి. వాటి ప్రక్కనే జలపాతం దూకుతుంది. సీతారామపురం సమీపాన ఘటిక సిద్ధేశ్వరం, దక్షిణాన రాపూరు వైపు పెంచలకోన ఇదే వరుసలోనివి. వర్షాకాలం తరువాత కూడా ఊటనీరు నిలిచే ఇరుకు లోయలే ఈ క్షేత్రాలకు ఆధారమయ్యాయి.

భైరవకోన శిల్పులు నీరు కోసిన రాతి ప్రక్కనే తామూ రాతిని తొలిచారు. కోటకు రాళ్లు పేర్చాలి; కోనలో రాతిని తొలగిస్తే చాలు. దుర్గం చేతులు మారినప్పుడల్లా పాలకుల పేర్లు మారాయి. గజపతులు, రాయలు, గోల్కొండ, ఆర్కాటు నవాబు, అతని జాగీరుదారులు, 1839-40లో కుట్ర ఆరోపణపై జాగీరును స్వాధీనపరచుకొన్న కుంపిణీ ప్రభుత్వం, ఇలా ఉదయగిరి కథ సాగింది. కోనల తిరునాళ్లు ఈ మార్పులకు అతీతంగా కొనసాగాయి. ప్రాంతీయ చరిత్రను దుర్గాల వరుసతో మాత్రమే రాస్తే ఈ రెండవ కాలగణన లోపిస్తుంది.

సోమశిల: మూసిన గండి

ఆంగ్ల పాలన కాలంలో దృష్టి దిగువకు మళ్లింది. నెల్లూరు వద్ద ఆనకట్ట 1850ల మధ్యలోను, ఎగువన సంగం వద్ద ఆనకట్ట 1880లలోను నిర్మితమయ్యాయి. ఉదయగిరి వైపు కొండల నీటిని తెచ్చే బొగ్గేరు, బీరాపేరు సంగం సమీపాననే పెన్నలో కలుస్తాయి. అంటే ఉదయగిరి కొండలపై కురిసిన వాన కూడా దిగువ ఆయకట్టుకే చేరింది. బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ 1873లో, బట్టర్‌వర్త్, వేణుగోపాలచెట్టి సంకలనం చేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు 1905లో వెలువడ్డాయి. ఈ రెండింటిని కలిపి చదివితే పరిపాలన దృష్టికీ శాసనాలు చెప్పే చరిత్రకూ మధ్య అంతరం తెలుస్తుంది. పరిపాలన డెల్టా చుట్టూ తిరిగింది; శాసనాలు మెట్ట గ్రామాలలో కూడా దండిగా ఉన్నాయి.

సోమశిల వద్ద జలాశయ నిర్మాణం 1975లో ఆరంభమై 1980ల చివరికి ముగిసింది. పూర్తి నీటిమట్టం 330 అడుగులు. నిల్వ సామర్థ్యం 78 టీఎంసీలు. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల మధ్య కుదిరిన తెలుగుగంగ ఒప్పందంతో కృష్ణాజలాలు శ్రీశైలం నుంచి సోమశిలకు, అక్కడినుంచి కండలేరు ద్వారా చెన్నై నగరానికి పోయే మార్గం ఏర్పడింది. పోరుమామిళ్ల శాసనం చెప్పిన సూత్రమే ఇక్కడ బృహద్రూపం దాల్చింది: దూరం నుంచి వచ్చే నది, రెండువైపుల కొండలు, నడుమ కట్ట.

అయితే ఒక భేదం ఉంది. పోరుమామిళ్ల చెరువు నీరు ఆ కొండల దగ్గరి పొలాలకే పారింది. సోమశిల గండిని మూసినప్పుడు మునిగినవి ఎగువన కడప జిల్లాలోని గ్రామాలు. పారినవి దిగువన నెల్లూరు మాగాణులు. దాహం తీరినది పొరుగు రాష్ట్రపు మహానగరానికి. గండికి ఆనుకొని ఉన్న ఆత్మకూరు మెట్టలకు, ఇంకా ఎత్తున ఉన్న ఉదయగిరి మెట్టలకు నీరు సహజంగా ఎక్కదు. ఈ లోపాన్ని పూరించే ఉద్దేశంతోనే సోమశిల ఎగువ కాలువ పథకం రూపొందింది. నీరు తమ ముంగిటనే పోతున్నా తమ చేనికి రాకపోవడం ఈ ప్రాంతపు శిలాభేదం నిర్ణయించిన విషయమే. అయినా ఎవరి కొరకు గండి మూయాలన్నది శిలలు నిర్ణయించేది కాదు, పాలకులు నిర్ణయించేది.

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు ఇదే సూత్రానికి మరొక రూపం. 1996లో శంకుస్థాపన జరిగిన ఈ పథకంలో కృష్ణాజలాలను ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా పొడవున్న రెండు సొరంగాల ద్వారా తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల మధ్య ఖాళీలను మూసి ఏర్పరచిన నల్లమల సాగర్‌లో నిల్వ చేయాలన్నది ఆలోచన. లబ్ధి పొందవలసిన ప్రాంతాలలో ఉదయగిరి మెట్టలు కూడా ఉన్నాయి. ఇంజనీర్లు ‘గ్యాప్’ అని వ్యవహరించే ఆ మూడు చోట్లూ తెలుగులో గండ్లే. 1369 నాటి కట్టకూ ఈ కట్టలకూ మధ్య ఆరున్నర శతాబ్దాల దూరం ఉన్నా, స్థలాన్ని ఎన్నుకొనే దృష్టి ఒక్కటే.

కనుమల కథ కూడా ఇలాగే మారింది. నేడు కృష్ణపట్నం నుంచి నెల్లూరు, ఆత్మకూరు మీదుగా బద్వేలు పోయే జాతీయ రహదారి వెలిగొండను దాటుతుంది. 2019లో చెర్లోపల్లి, రాపూరు మధ్య వెలిగొండ కడుపులో ఆరున్నర కిలోమీటర్లకు పైగా పొడవైన రైల్వే సొరంగం వాడుకలోకి వచ్చింది. ఏడాదిన్నర బండలు కొట్టించి రాయలు సాధించిన దారికీ ఈ సొరంగానికీ ప్రయోజనంలో తేడా ఉన్నా, కొండ ఎదురైనప్పుడు పడమటి ప్రాంతాన్ని తీరంతో కలపాలన్న అవసరం మాత్రం ఒక్కటే.

2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగి, దిగువ గ్రామాలలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ వరద పెన్నలో కలిసి సోమశిల గండి వైపే సాగింది. ‘గండి’ అన్న మాటకు గల రెండు అర్థాలు, తెగిన కట్ట, నది కోసిన కొండ, ఆ రోజున ఒకే నీటి మార్గంలో కలిశాయి. కడప నీరంతా ఒక్క ద్వారం గుండా రావడం వరమూ ప్రమాదమూ కూడానని ఆ సంఘటన గుర్తుచేసింది.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, ఉదయగిరి దుర్గం, పోరుమామిళ్ల చెరువు, సోమశిల జలాశయం వేర్వేరు చరిత్రలకు చెందినవి కావు. వెలిగొండ శ్రేణి చీలికలపై అధికారం ఎవరిదన్న ఒకే ప్రశ్నకు వేర్వేరు కాలాల సమాధానాలు. రెండవది, ఈ చీలికల స్వభావాన్ని తెలుగు భాష గండి, కనుమ, కోన అన్న మూడు మాటలతో విడదీసి గుర్తించింది. ఆ విభజన చరిత్రకారునికి పనికివచ్చే విశ్లేషణ సాధనం. మూడవది, గండిని తెరిచినా మూసినా లాభం ఎక్కువగా దూరప్రాంతాలకే చేరింది. గండి ప్రక్కన ఉన్నవారికి చేరింది తక్కువ.

సోమశిల జలాశయంలో గ్రామాలతోపాటు వాగుల పేర్లు, రేవుల పేర్లు, కొండదారుల పేర్లు కూడా మునిగాయి. ఆ గ్రామాల నుంచి తరలివచ్చినవారిలో ఆ పేర్లు తెలిసిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. ఉదయగిరి, ఆత్మకూరు, సీతారామపురం, మర్రిపాడు ప్రాంతాలలో పశువుల కాపరులకు, యానాదులకు నేటికీ తెలిసిన కనుమల పేర్లను, నిర్వాసితుల జ్ఞాపకాలలోని స్థలనామాలను సేకరించి, శాసనాలలోని స్థలనామాలతో పోల్చే పని తెలుగు శాఖల పరిధిలోనిదే. శిలల చరిత్రను కింగ్ 1872 నాటికే రాయడం ఆరంభించాడు. ఆ శిలల నడుమ నడిచిన మనుషుల దారుల చరిత్ర రాయడానికి అనువైన కాలం ఇంకా కొద్దిగానే మిగిలి ఉంది.